తాకిన చేయి: వేలూరు శస్త్రవైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్



మా కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి, దగ్గరి డాక్టర్లు తల అడ్డముగా ఊపితే ఇంటి పెద్దల నోట వచ్చే మాట ఒకటే: "వేలూరికి తీసుకొని పోదాము." కుప్పం వాళ్లు రైలెక్కి కాట్పాడిలో దిగుతారు. మదనపల్లె, పుంగనూరు వాళ్లు పలమనేరు, చిత్తూరుల మీదుగా బస్సులో పోతారు. చేతిలో సద్దిమూట, చంకలో దుప్పటి, పాత మందుచీటీల సంచి. మన తాతల కాలమునుండి ఈ దారి ఇలాగే నడుస్తున్నది.

ఆ ఆసుపత్రిని డాక్టర్ ఐడా స్కడ్డర్ అమ్మగారు 1900లో ఒకే ఒక మంచముతో మొదలుపెట్టారని మనలో చాలామందికి తెలుసు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, చిత్తూరులలో సువార్త పనిచేసిన ఆర్కాటు మిషనే ఆమెది కూడా. కాబట్టి వేలూరు మనకు పరాయి ఊరు కాదు. అయితే అదే ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్ల పాటు పనిచేసి, లోకమంతటా కుష్ఠురోగుల చేతులకు మళ్లీ పని నేర్పిన ఒక బ్రిటిష్ శస్త్రవైద్యుని సంగతి మన సంఘములలో చాలామందికి తెలియదు. ఆయన పేరు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయనను గూర్చి ఇప్పుడు వ్రాయుటకు మాకొక కారణమున్నది. అది మా సొంత సంఘములో జరిగిన సంగతి. దానిని చివర ఒప్పుకొందుము.

కొండలలో పుట్టిన బిడ్డ

పాల్ బ్రాండ్ 1914 జూలై 17న తమిళనాడులోని కొల్లిమలై కొండలలో పుట్టారు. తండ్రి జెస్సీ బ్రాండ్, తల్లి ఎవెలిన్, ఇద్దరును ఇంగ్లండునుండి వచ్చిన మిషనెరీలు. జెస్సీ దొరగారు లండనులో ఒక్క సంవత్సరము మాత్రమే వైద్యము నేర్చుకొన్నారు. అయినా ఆ కొండలకు వేరే డాక్టరు లేడు గనుక పుండ్లు కోసేవారు, పళ్లు పీకేవారు, జ్వరాలకు మందులిచ్చేవారు, ఇండ్లు కట్టేవారు. మలేరియా దోమల మధ్య ఆ కుటుంబము కాపురముండెను.

పాల్‌గారు చిన్నతనములో చూచిన ఒక దృశ్యమును జీవితాంతము మరువలేదు. ఒకనాడు ముగ్గురు కొత్త మనుష్యులు ఆ ఇంటికి వచ్చారు. చేతివేళ్లు మొండివి, పాదములకు పుండ్లు. తండ్రిగారు పిల్లలను దూరముగా ఉండమని చెప్పి, చేతులకు తొడుగులు వేసుకొని, వారి పాదములు కడిగి కట్లు కట్టారు. తల్లిగారు ఒక బుట్టలో తినుటకు పెట్టి ఇచ్చారు. వారు వెళ్లిన తరువాత ఆ బుట్టను కాల్చివేశారు. పిల్లలకు స్నానము చేయించి, వారు కూర్చున్న చోటికి పోవద్దన్నారు. అంత ప్రేమగల ఇంటిలో కూడ ఆ రోగమంటే ఆ భయముండెను. ఆ కాలములో ఎవరికీ అంతకన్న ఎక్కువ తెలియదు.

1923లో, తొమ్మిదేళ్ల వయస్సులో, పాల్‌ను, చెల్లెలు కానీను చదువుకొరకు ఇంగ్లండులో బంధువుల ఇంట ఉంచి తల్లిదండ్రులు తిరిగి కొండలకు వచ్చారు. తండ్రిని చూచుట అదే కడసారి అయ్యెను. 1929 జూన్‌లో జెస్సీ దొరగారు మలేరియా ముదిరి మూత్రము నల్లబడే జ్వరముతో ప్రభువునొద్దకు వెళ్లారు. టెలిగ్రాము ముందు వచ్చినది. ఓడలో వచ్చే ఉత్తరములు మాత్రము ఆ తరువాత కూడ కొన్ని వారములు వస్తూనే ఉండెను. తండ్రి చనిపోయాడని తెలిసిన తరువాత తండ్రి చేతివ్రాతతో కొండలనుగూర్చి, చెట్లనుగూర్చి, దేవుని పనినిగూర్చి వ్రాసిన ఉత్తరము చదువుట ఆ పద్నాలుగేళ్ల బాలునికి ఎలా ఉండెనో, దూరములో పిల్లలను హాస్టళ్లలో ఉంచిన మన ఇండ్లవారు ఊహించగలరు.

తాపీ పట్టిన చేతులు

డాక్టరు కావలెనని పాల్‌గారికి మొదట కోరిక లేదు. చీము, రక్తము అంటేనే ఆయనకు గిట్టదు. తండ్రివలె ఇండ్లు కట్టే మిషనెరీ కావలెనని కొన్నేళ్లు వడ్రంగము, తాపీపని నేర్చుకొన్నారు. చెక్కను దాని నార పోయిన దారినే చెక్కుట, రాతిని దెబ్బ ఎక్కడ కొడితే పగులునో గుర్తుపట్టుట, ఇవన్నీ ఆ చేతులు నేర్చుకొనెను. తరువాత మిషనెరీలకు కొద్దిపాటి వైద్యము నేర్పే లండనులోని లివింగ్‌స్టన్ కళాశాలలో చేరారు. అక్కడ ఉండగా ఒకరాత్రి ఆసుపత్రిలో, రక్తము పోయి శవమువలె తెల్లబడిన ఒక స్త్రీకి ఇతరుల రక్తము ఎక్కించగా, చెంపలకు రంగు వచ్చి, కన్ను తెరచి నీళ్లడిగినది. అది చూచి ఆయన మనస్సు మారిపోయెను. లండను యూనివర్సిటీ కాలేజీ ఆసుపత్రిలో వైద్యవిద్యలో చేరారు.

అక్కడే తోటి విద్యార్థిని మార్గరెట్ బెర్రీగారితో పరిచయము కలిగి 1943లో వివాహమాయెను. అవి రెండవ ప్రపంచయుద్ధపు దినములు. లండనుపై బాంబులు పడుచుండగా గాయపడినవారికి రాత్రింబవళ్లు శస్త్రచికిత్సలు చేస్తూ ఆయన చేయి తిరిగినది. వడ్రంగము నేర్చిన కాలము వృథా ఆయెనని అప్పట్లో అనుకొన్నవారుండవచ్చు. ఆ పనితనమే తరువాత వేలూరులో అక్కరకు వచ్చెను. మన పిల్లలు చదువులో ఒక ఏడు వెనుకబడితే బ్రతుకే పోయినట్లు ఏడ్చే తల్లిదండ్రులు దీనిని గమనించవలెను.

చెంగల్పట్టులో ఒక కరచాలనము

1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు శస్త్రవైద్యులు కావలసివచ్చిరి. కుష్ఠువ్యాధి నిపుణులైన డాక్టర్ రాబర్ట్ కాక్రేన్‌గారు పాల్ బ్రాండ్‌ను పిలిచారు. చంటిబిడ్డల తండ్రియైన ఆ యువ డాక్టరు ఆ యేటి చివరలో ముందుగా ఒంటరిగా వచ్చారు. మార్గరెట్‌గారు పిల్లలతో 1947లో వచ్చారు.

1947లో కాక్రేన్‌గారు ఆయనను చెంగల్పట్టు కుష్ఠురోగుల ఆసుపత్రికి తీసుకొని వెళ్లి చూపించారు. కాక్రేన్‌గారు చర్మముమీది మచ్చలనుగూర్చి వివరిస్తుంటే, బ్రాండ్‌గారి కన్నులు మాత్రము రోగుల చేతులమీదనే ఉండెను. వేళ్లు గద్ద గోళ్లవలె లోపలికి ముడుచుకొని ఉన్నవి. కొందరికి వేళ్లే లేవు. "ఈ చేతులు ఇట్లెందుకయ్యెను? వీటికి మీరేమి చేస్తున్నారు?" అని ఆయన అడిగారు. ఎముకలు, కీళ్లు తెలిసిన డాక్టరువు నీవే గాని నేను కాదుగదా, అన్నట్లుగా కాక్రేన్‌గారు ఆ ప్రశ్నను ఆయనకే అప్పగించారు. ఆనాటివరకు లక్షలమంది చేతులను పాడుచేసిన ఈ రోగమును ఎముకల శస్త్రవైద్యులెవరును పట్టుకొని పరిశోధించలేదు.

బ్రాండ్‌గారు ఒక రోగి దగ్గరికి పోయి, ముడుచుకొన్న ఆ చేతిలో తన చేయి పెట్టి, గట్టిగా పట్టుకొమ్మన్నారు. చచ్చుబడిన చేయి గదా, పట్టు ఉండదనుకొన్నారు. ఆ రోగి పట్టిన పట్టుకు డాక్టరుగారు నొప్పితో కేక వేయవలసివచ్చెను. తాను ఎంత గట్టిగా పట్టుకొన్నాడో ఆ రోగికి తెలియదు, ఎందుకంటే అతని చేతికి స్పర్శ లేదు. నొప్పితో చేయి వెనుకకు తీసికొన్న డాక్టరుగారికి మాత్రము ఒక సంగతి తెలిసిపోయెను. ఈ చేతిలో మంచి కండరము ఇంకా బ్రతికే ఉన్నది!

కండరపు తాడును మార్చుట

ఆ తరువాత బ్రాండ్‌గారును, సహచరులును ఎన్నో చేతులను ఒక్కొక్క కండరము చొప్పున పరీక్షించి లెక్క వ్రాశారు. కుష్ఠుక్రిములు శరీరములో చల్లగానుండే చోట్లను కోరుకొనును. చర్మమునకు దగ్గరగా నడిచే నరములు చల్లగానుండును గనుక మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర ఆ నరములు ఉబ్బి చెడిపోవును. వాటిమీద ఆధారపడే అరచేతిలోని చిన్న కండరములు చచ్చుబడును. ముంజేతిలోని పెద్ద కండరములలో చాలావాటికి నరము పైనుండే వచ్చును గనుక అవి చెడవు. ఒకవైపు లాగేది ఉండి, దానికి ఎదురు లాగేది లేకపోతే వేళ్లు ముడుచుకొనును. కాడికి ఒక ఎద్దే ఉంటే బండి ఒక ప్రక్కకు ఈడ్చుకొని పోయినట్లే.

కారణము తెలిసిన తరువాత మార్గము కనబడెను. ముంజేతిలోని ఒక మంచి కండరపు తాడును దాని చోటనుండి విడదీసి, అరచేతిగుండా కొత్త దారిని త్రిప్పి, చీలికలుగా చేసి, వేళ్లకు కుట్టుట. పోలియో వచ్చినవారికి, గాయపడినవారికి ఇటువంటి చికిత్స అంతకుముందే ఉన్నది. కుష్ఠురోగి మాంసము అతకదు, మానదు అని అందరును నమ్మియుండుటచేత వీరికి ఎవరును చేయలేదు. సామాన్య ఆసుపత్రులు అప్పట్లో వీరిని చేర్చుకొనుటకే జంకేవి. 1948లో వేలూరులో మొదటి చికిత్సలు మొదలాయెను. గాయములు మామూలు మనుష్యుల గాయములవలెనే మానెను. కొన్ని వారములు పిండికట్టులో ఉంచి, విప్పిన తరువాత ఆ చేతికి పసిబిడ్డకు నేర్పినట్లు కొత్తగా నేర్పవలెను. మణికట్టును కదిలించే తాడు ఇప్పుడు వేలును కదిలించవలెను గదా! ఫిజియోథెరపీవారి ఓర్పు లేనిదే డాక్టరు కత్తి వ్యర్థమని బ్రాండ్‌గారు ఎప్పుడును చెప్పేవారు.

రాలిపోయిన కనుబొమ్మలను, కుంగిపోయిన ముక్కును కూడ ఆ వైద్యబృందము బాగుచేసెను. మార్గరెట్‌గారు కంటివైద్యములో దిగి, కుష్ఠురోగులు గ్రుడ్డివారగుటకు కారణములు కనిపెట్టారు. కంటి స్పర్శ పోయినవాడు రెప్ప వేయుట మానివేయును. రెప్ప వేయని కన్ను ఎండి, దుమ్ము పడి, పుండై చూపు పోవును. రెప్పల శస్త్రచికిత్సతో ఆమె ఎందరికో చూపు నిలిపారు. ఆరుగురు పిల్లల తల్లి చేసిన పని ఇది.

వేళ్లు ఎందుకు పోతాయి?

పెద్దరోగము వస్తే వేళ్లు కుళ్లి రాలిపోవునని మన పల్లెలలో నేటికీ అనుకొంటారు. డాక్టర్లు కూడ అప్పుడు అట్లే అనుకొనేవారు. బ్రాండ్‌గారు దీనిని నమ్మలేదు. శస్త్రచికిత్స గాయము చక్కగా మానుతున్నప్పుడు మాంసము దానంతటది ఎందుకు కుళ్లును?

ఒకనాడు తుప్పుపట్టిన తాళములో తాళపుచెవి తిరుగక ఆయన కుస్తీపడుచుండగా, పదేళ్ల రోగిపిల్లవాడొకడు వచ్చి, నేను తీస్తానని ఒక్క త్రిప్పు త్రిప్పి తాళము తీశాడు. క్రింద రక్తపుబొట్టు చూచి డాక్టరుగారు ఆ చేయి పట్టి చూడగా, వేలి మాంసము ఎముకవరకు తెగియున్నది. పిల్లవానికి ఆ సంగతే తెలియదు. మరొకసారి నిప్పులలో పడిన దుంపను ఒక వృద్ధ రోగి ఒట్టి చేతితో తీసి ఇచ్చుట ఆయన చూచారు. అప్పటినుండి ప్రతి పుండుకు కారణము వెదకుట మొదలుపెట్టారు. ఒకడు సుత్తి పిడి చీలిక గ్రుచ్చుకొన్నా పని చేస్తూనే ఉన్నాడు. ఒకడు వేడిగిన్నె ఎత్తాడు. ఒకడు చెప్పులో మేకుతో దినమంతా నడిచాడు. రాత్రి ఉన్న వేలు తెల్లవారేసరికి లేకపోవుట చూచి, కొందరు మేలుకొని కాపలా కాయగా, ఎలుకలు వచ్చి కొరుకుచున్నవని తెలిసినది. కొరికినా వారికి మెలకువ రాదు. ఆ తరువాత రోగులు ఇంటికి వెళ్లేటప్పుడు ఒక పిల్లిని కూడ ఇచ్చి పంపేవారట!

వేళ్లు కుళ్లుట లేదు. నొప్పి తెలియక దెబ్బలు తగిలి, పుండై, అరిగి పోవుచున్నవి. ఈ ఒక్క సంగతి లోకమంతట కుష్ఠువైద్యమును మార్చివేసెను. కాబట్టి వేలూరులో మెత్తని రబ్బరు చెప్పులు చేయించారు. ఎం.సి.ఆర్. చెప్పులని నేటికీ రోగులకు ఇచ్చేవి ఆ జాతివే. ప్రతి రాత్రి కాళ్లు చేతులు చూచుకొనవలెనని నేర్పించారు.

నొప్పి దేవుని వరమని బ్రాండ్‌గారు జీవితమంతా చెప్పేవారు. ఈ మాట మొదట వింటే మనకు కోపము వచ్చును. ప్రసవవేదన, పంటినొప్పి అనుభవించినవారికి అది వరమని ఎట్లు తోచును? ఆయనకే అది ఒక రాత్రి చేతికి అందిన సత్యమాయెను. విదేశ ప్రయాణములో అలసి, లండను చేరి, మేజోడు విప్పుచుండగా మడమకు స్పర్శ లేదని తోచెను. సూదితో గ్రుచ్చి చూచుకొన్నారు. నొప్పి లేదు. ఏళ్లతరబడి కుష్ఠురోగులను తాకిన తనకు ఆ రోగమే వచ్చెననుకొని, భార్యాబిడ్డలను దూరముగా ఉంచవలెనని తలపోస్తూ రాత్రంతా గడిపారు. తెల్లవారి సూదితో మళ్లీ గ్రుచ్చగా చురుక్కుమనెను! రైలులో చాలాసేపు కదలక కూర్చొన్నందున కాలు తిమ్మిరెక్కినది, అంతే. ఆ నొప్పికి ఆయన దేవుని స్తుతించారు.

చేయి బాగాయెను గాని

శస్త్రచికిత్సలు సఫలమగుచుండగా ఒక చిక్కు వచ్చెను. బాగుపడి వెళ్లినవారు కొందరు తిరిగివచ్చి, "డాక్టరుగారూ, ఈ చేతులతో భిక్షము పుట్టుట లేదు" అన్నారు. ముడుచుకొన్న చేయి చూచి పైసా వేసేవారు. తిన్నని చేయి చూచి వేయుట లేదు. ముఖముమీద రోగపు గుర్తులున్నవి గనుక పని ఎవరును ఇచ్చుట లేదు, ఊరు రానిచ్చుట లేదు.

చేయి ఒక్కటే బాగుచేసిన చాలదని ఆయన గ్రహించారు. 1951 ప్రాంతములో వేలూరులోనే నవజీవన కేంద్రము అను చిన్న పల్లెవంటిది కట్టించారు. అక్కడ తన పాత వడ్రంగమును తీసి, కొయ్యబొమ్మలు చేయుట వారికి నేర్పారు. 1955లో వేలూరుకు దగ్గరలోని కరిగిరిలో షీఫెలిన్ కుష్ఠువ్యాధి పరిశోధనాలయము వెలసినది. నానా దేశముల డాక్టర్లు అక్కడికి వచ్చి ఈ చికిత్సలు నేర్చుకొని వెళ్లారు.

ఒకసారి ఒక యువరోగి భుజముమీద చేయి వేసి, చికిత్స ఎట్లు చేయుదురో నవ్వుతూ వివరించుచుండగా అతడు వెక్కివెక్కి ఏడ్వసాగెను. ఏమి తప్పు మాట్లాడితినోయని డాక్టరుగారు కంగారుపడి ప్రక్కనున్న ఆమెను అడిగారు. ఇన్నేళ్లుగా తనను ఎవరును తాకలేదని, మీరు భుజముమీద చేయి వేసినందుకు ఏడ్చుచున్నాడని ఆమె చెప్పినది. తండ్రి తొడుగులు వేసుకొన్నారు, కుమారుడు తొడుగులు తీసివేశారు. తండ్రికి తెలియని సంగతి కుమారునికి తెలిసినది గనుక మనము తండ్రిని తప్పుపట్టకూడదు.

గౌరవములు, కడపటి దినములు

1952లో ఇంగ్లండు రాజ శస్త్రవైద్య కళాశాల ఆయనను హంటేరియన్ ఆచార్యునిగా గౌరవించెను. 1960లో ఆల్బర్ట్ లాస్కర్ పురస్కారము, 1961లో బ్రిటిష్ రాణిగారి సి.బి.ఇ. బిరుదు వచ్చెను. 1966లో అమెరికాలోని లూసియానా రాష్ట్రములో కార్‌విల్ కుష్ఠువ్యాధి ఆసుపత్రికి వెళ్లి ఇరవై ఏండ్లు పనిచేశారు. స్పర్శ లేనివారికి యంత్రముతో నొప్పి తెలియజేయవలెనని అక్కడ కొన్నేళ్లు శ్రమపడ్డారు. అది సాగలేదు. పని మధ్యలో ఆ హెచ్చరిక అడ్డమువస్తే రోగులు దానిని ఆపివేసేవారట. దేవుడు పెట్టిన నొప్పిని మనము ఆపలేము గనుకనే అది మనలను కాపాడుచున్నదని ఆయన గ్రహించి, ఆ సంగతులను రచయిత ఫిలిప్ యాన్సీతో కలిసి పుస్తకములుగా వ్రాశారు.

ఆయన తల్లి ఎవెలిన్‌గారి సంగతి చెప్పక తప్పదు. మిషనువారు వయస్సు మళ్లినదని విరమణ ఇచ్చినా, ఆమె ఇంగ్లండు పోక, ఆ కొండలలోనే గుఱ్ఱమెక్కి ఊరూరు తిరిగి 1974లో తొంభై ఐదేళ్లకు కన్నుమూసి, భర్త సమాధి ప్రక్కనే పండుకొన్నారు. పాల్‌గారు 1986లో విరమించి సియాటిల్‌లో నివసించి, 2003 జూలై 8న ప్రభువునందు నిద్రించారు. మార్గరెట్‌గారు 2014లో వెళ్లారు.

మన ఇండ్లకు రెండు మాటలు

మొదటిది కుష్ఠువ్యాధినిగూర్చి. ఇది శాపము కాదు, వంశమునుండి వచ్చేది కాదు. మనలో నూటికి తొంభైమందికి పైగా దీనిని ఎదిరించే శక్తి పుట్టుకతోనే ఉన్నది. స్పర్శ లేని మచ్చ కనబడితే దాచక ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్లవలెను. ఆరు నెలలో, పన్నెండు నెలలో మందు ఉచితముగా ఇస్తారు. మందు మొదలైన కొద్దికాలములోనే ఇతరులకు అంటుట ఆగిపోవును. మన దేశములో ఇప్పటికీ ఏటా దాదాపు లక్షమందికి ఇది కొత్తగా బయటపడుచున్నది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టమును 2016లో కొట్టివేశారు. ఈ వ్యాధి కారణముగా విడాకులు పొందే వీలును 2019లో చట్టమునుండి తీసివేశారు. లేవీయకాండము 13, 14 అధ్యాయములలో బట్టకును, ఇంటి గోడకును కూడ కుష్ఠు అనే మాటే వాడబడినది. కాబట్టి అక్కడి మాటను నేటి ఈ ఒక్క జబ్బుకు అంటగట్టి ఎవరినీ పాపులని తీర్పుతీర్చరాదు.

రెండవది షుగరు జబ్బునుగూర్చి. ఇది నేడు మన ప్రతి వీధిలోను ఉన్నది. చాలా ఏళ్లుగా షుగరు ఉన్నవారికి కుష్ఠురోగికి వలెనే కాలి స్పర్శ పోవచ్చును. బ్రాండ్‌గారు కుష్ఠురోగుల పాదములలో నేర్చుకొన్నదే తరువాత షుగరు రోగుల పాదములను కాపాడుటకు ఉపయోగపడెను. కాబట్టి షుగరున్న పెద్దలు ఒట్టి కాళ్లతో చేనికి పోవద్దు. చలికాలమున పొయ్యి దగ్గర కాళ్లు చాపవద్దు. నీటి వేడిని ఇంట్లో మరొకరి చేత చూపించుకొనుడి. ప్రతి రాత్రి ప్రార్థనకు ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూచుకొనుడి. కన్ను కనబడనివారికి మనుమలు చూడవలెను. నొప్పి లేదుగదా అని పుండును వదలివేయువాడు కాలిని పోగొట్టుకొనును.

మా ఒప్పుకోలు

ఇక మా సంగతి. మా సంఘములో ఒక పెద్దాయన ఉన్నాడు. చిన్న వయస్సులో పెద్దరోగము వచ్చి, మందులతో ఎప్పుడో నయమైనది. వేళ్లు మాత్రము ముడుచుకొని ఉన్నవి. ఆయన ఆరాధనకు ముందే వచ్చి, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, గుమ్మము ప్రక్కన కూర్చుంటాడు. అక్కడ కూర్చోమని ఎవరును చెప్పలేదు. ప్రభురాత్రి భోజనమున పాత్ర ఆయనకు ఎప్పుడును చివరనే వెళ్లేది. అట్లు చేయమనియు ఎవరును చెప్పలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ పాత్రను పట్టుకొని నడిచినది మేమే. మాకది తప్పని తోచనేలేదు.

బ్రాండ్‌గారి జీవితమును చదివిన తరువాత ఒక ఆదివారము పాత్రను మొదట ఆయన దగ్గరికే తీసుకొని వెళ్లాము. ఆయన భయపడి, "వద్దు అయ్యగారూ, ముందు వాళ్లకియ్యండి" అన్నాడు. ఆయన వేళ్లు పాత్రను సరిగా పట్టలేవు గనుక, ఆ చేతులను మా చేతులతో కలిపి పట్టుకొన్నాము. ఆయన చేతికి మా స్పర్శ తెలిసినదో లేదో మాకు తెలియదు. ఆయన కన్నుల నీళ్లు మాత్రము మాకు కనబడెను. ఆ దినమున రెండు కుటుంబములు పాత్ర ముట్టక లేచి వెళ్లిపోయెను. వారితో ఇంకను మాట్లాడుచునే ఉన్నాము. వారి భయము ఎక్కడినుండి వచ్చినదో మాకు తెలుసు, ఎందుకంటే అదే భయము మాలోను ఉండెను.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయములో, ఒక అవయవము బాధపడితే మిగిలినవన్నియు దానితోకూడ బాధపడునని అపొస్తలుడు నేర్పుచున్నాడు. పుండు పడినా నొప్పి తెలియని చేయి రోగముతో ఉన్న చేయి అని బ్రాండ్‌గారు మనకు చూపించారు. మరి గుమ్మము దగ్గర ఒక అవయవము ఏళ్లతరబడి బాధపడుచుండగా మాకు నొప్పి తెలియలేదంటే, రోగము ఎవరికున్నది? ఆ పెద్దాయనకు ఎప్పుడో నయమైనది. తిమ్మిరి మా సంఘములో ఉండెను.

మార్కు సువార్త మొదటి అధ్యాయములో కుష్ఠురోగి ప్రభువు ఎదుట మోకరించినప్పుడు, ఆయన మాటతోనే బాగుచేయగలిగియుండి, ముందుగా చేయి చాపి అతనిని తాకెను. వేలూరులో ఒకసారి రోగులందరు కూడియుండగా బ్రాండ్‌గారిని మాట్లాడమన్నారట. ఏమి చెప్పవలెనో తోచక ఆయన వారి చేతులవైపు చూచి, క్రీస్తు చేతులనుగూర్చి చెప్పారు. తల్లి వేలిని పట్టుకొన్న పసిచేతులు, వడ్రంగములో కాయలు కాచిన చేతులు, రోగులను తాకిన చేతులు. తరువాత మేకులు దిగి, నరములు తెగి, వేళ్లు ముడుచుకొని పోయిన చేతులు. తిరిగి లేచిన తరువాత కూడ ఆ గాయపు గుర్తులను ప్రభువు దాచుకొనక తోమాకు చూపించెను. అంతవరకు చేతులను బట్టలలో దాచుకొన్న ఆ రోగులు ఒక్కొక్కరుగా వాటిని బయటికి తీసి, పైకెత్తి, జోడించి నమస్కరించారట.

వచ్చే ఆదివారము మీ సంఘములో గుమ్మము ప్రక్కన కూర్చొన్నవారెవరో ఒకసారి వెనుదిరిగి చూడుడి. ఆరాధన ముగిసిన తరువాత వారి దగ్గరికి పోయి చేయి అందించుడి. మా కొరకును, ఇంకను తిరిగి రాని ఆ రెండు కుటుంబముల కొరకును ప్రార్థించుడి.

ప్రభువు కృప మీ ఇండ్లకు తోడైయుండును గాక. ఆమేన్.